చీమ వేషము



వేషమను మాటను మనము రెండు విధములుగా వాడుచున్నాము. పంట చేతికి వచ్చిన దినములలో ఊరికి వచ్చి, పట్టపగలు వాకిళ్ల ముందు నిలిచి, ఒకనాడు శక్తివేషమును మరునాడు సోమయాజులు సోమిదేవమ్మల వేషమును ప్రదర్శించు పగటివేషగాండ్రను చూచి పిల్లలును పెద్దలును సంతసింతురు. అది కళ. ఆ మాటకే 'ధారి' యని తోక తగిలించి ఒకనిని వేషధారి యంటిమా, సభ్యుల నోట అంతకు మించిన తిట్టు లేదు. లోపల ఒకటియు వెలుపల ఒకటియు అయిన బ్రతుకును ధర్మోపదేశకులందరును గర్హించిరి. గర్హింపవలసినదే. అయితే ఆ గర్హణమునకు హద్దు కలదా, వేషము వేసిన ప్రతివానిని ఒకే బోనులో నిలుపవచ్చునా యను ప్రశ్నను నేడు మీ ముందు ఉంచదలచితిని. ఇందులకు నేను పిలుచు సాక్షి మనుష్యుడు కాదు. మీ పొలముగట్టు మీది రాతిక్రింద కాపురముండు ఒక చిన్న సాలెపురుగు.

సాలెపురుగు మన మతగ్రంథములకు క్రొత్తది కాదు. పరబ్రహ్మమునుండి జగత్తు వెలువడుటను ముండకోపనిషత్తు ఊర్ణనాభి తన దారమును తానే వెలువరించి తానే ఉపసంహరించుటతో పోల్చినది. శ్రీకాళహస్తి యను పేరులోని 'శ్రీ' సాలెపురుగే. ధూర్జటి దాని భక్తిని కావ్యముగా చెప్పెను. ఆ రెండును గూడు అల్లునవి. నేను చెప్పబోవునది వల పన్నదు. నేలమీద పరుగెత్తి చిన్న చిన్న పురుగులను పట్టి తినును. దారము దానికి లేకపోలేదు గాని, దానిని గ్రుడ్లసంచి చేయుటకును, తాను తలదాచుకొనుటకును మాత్రమే వాడును.

శాస్త్రజ్ఞులు దీని వర్గమునకు కాస్టియానీరా యని పేరిడిరి. లోకమున ఈ వర్గమునకు చేరిన జాతులు నూటికి మించి యున్నవి. మన దేశపు జాతులలో కొన్నింటిని 1931లో మద్రాసు మ్యూజియమునకు అధ్యక్షుడుగా నుండిన ఎఫ్. హెచ్. గ్రేవ్లీ వర్ణించెను. తరువాత జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారైన బి. కె. టికాదర్ మొదలగువారు మరికొన్నింటిని చేర్చిరి. మైకేరియా యను మరియొక వర్గము నేలసాలెపురుగుల కుటుంబములోనిది. అదియు ఈ విద్యయే నేర్చినది. చెట్లమీద చీమవేషము వేయు మిర్మరాక్నీ యను దుముకుడు సాలెపురుగులు వేరు. వాటిని గూర్చి శాస్త్రజ్ఞులు ఎక్కువ పరీక్షలు చేసిరి గనుక వాటి సాక్ష్యమును కూడ మధ్య మధ్య తీసికొందును. మొత్తముమీద మూడువందలకు పైబడిన సాలెపురుగు జాతులు చీమను అనుకరించుచున్నవని లెక్క.

ఈ కల్హేరు పరిసరములు మీరెరుగనివి కావు. 1948 వరకు నైజాము రాజ్యమున, 2016 వరకు మెదకు జిల్లాలో, అటుపిమ్మట సంగారెడ్డి జిల్లాలో చేరిన సీమ ఇది. తెలుగు, కన్నడము, మరాఠీ మూడును వినబడు మూల. 1931లో ముగిసిన నిజాంసాగరు కట్ట వెనుక మంజీర నీరు నిలిచినది గాని, ఆ నీరు అందని మెట్టనేలలే ఇక్కడ మిక్కుటము. కొంత నల్లరేగడి, కొంత ఎర్రచెల్క. చెల్కలో గట్లవెంట ఏరి పోసిన రాళ్లకుప్పలు, తంగేడు పొదలు, తుమ్మ, మోదుగ, వేప. మోదుగాకు రాలి ఎండి పొరలుపొరలుగా పడియుండు చోట, రాతికిని మట్టికిని నడుమ వ్రేలు దూరునంత సందు ఉన్న చోట, చేరువనే చీమలపుట్ట యొకటి ఉన్న చోట, ఇట్టి సాలెపురుగునకు కావలసిన సంసారమంతయు కలదు. మనము బీడని పిలిచి చులకన చేయు భూమి దానికి నగరము.

నేను దానిని చూచినది దైవభక్తితో కాదు, వృత్తిధర్మముగా. సరిహద్దు తగాదాలో స్థలపరీక్షకై ఒక పొలమునకు పోయి, అమీను గొలుసు పరచువరకు వేపచెట్టు నీడను కూర్చుండి, గండుచీమల బారును చూచుచుంటిని. బారునకు జానెడు దూరమున ఒక చీమ ఒంటరిగా వంకరటింకరగా పోవుచుండెను. నాలుగడుగులు వేయును, చటుక్కున ఆగును, మీసములు ఆడించును, మరల పరుగెత్తును. ఒంటరి చీమను చూచి ఊరకుండనేల యని కాళ్లు లెక్కించితిని. ఎనిమిది.

చీమకు ఆరు కాళ్లు, తలపై రెండు మీసములు, మూడు ఖండములుగా దేహము. సాలెపురుగునకు ఎనిమిది కాళ్లు, రెండే ఖండములు, మీసములు బొత్తిగా లేవు. ఈ లెక్కను సరిచేయుట ఎట్లు? దేహము సన్నగా సాగి, నడుమ నొక్కుపడి మూడు ఖండములవలె తోచును. కొన్నిటి వీపుపై తెల్లని వెండ్రుకల పట్టెలు ఆ నొక్కును ఇంకను స్పష్టము చేయును. ముందరి కాళ్లు ఎత్తి ఆడించుటచే మీసముల కొరత తీరును. ఇట్లు ఎనిమిది ఆరుగను, సున్న రెండుగను మారును. 2017లో కార్నెల్, హార్వర్డ్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు మిర్మరాక్నీ జాతి యొకదానిని అతివేగపు కెమెరాలతో పరీక్షించి ఒక చిత్రమును కనిపెట్టిరి. ఆ పురుగు ఆరుకాళ్లతో నడచుచున్నదని మన కంటికి తోచుట భ్రాంతి. అది ఎనిమిది కాళ్లతోనే నడచును. మాటిమాటికి సెకనులో పదవవంతు సేపు ఆగి, ఆ లిప్తలో ముందరికాళ్లు ఎత్తి ఆడించి, మరల దించి నడచును. చూచువాని కన్ను అంత త్వరను పట్టుకొనజాలక, నడకను ఆరుకాళ్లదిగా కూర్చుకొనును. నడచు త్రోవ కూడ వాసన పట్టి పోవు చీమదారివలె మెలికలు తిరుగును. ఆకారముతో సరిపుచ్చక నడకను కూడ నేర్చిన వేషము ఇది!

ఈ శ్రమయంతయు ఎవరికొరకు? చీమను మోసగించుటకు కాదు. చీమ లోకమును కన్నులకంటె వాసనతో ఎక్కువగా ఎరుగును. దాని ఎదుట ఈ వేషము చెల్లదు. చేరువకు పోయిన చీమలే దీనిని కరచి చంపగలవు. కావుననే ఇది చీమల చెంతనే బ్రతుకుచు చీమలను తప్పించుకొని తిరుగును. పక్షి, కందిరీగ, ఇతర సాలెపురుగులు, ఇట్లు కంటితో వేటాడు బలవంతుల ఎదుట ధరించు వేషము ఇది. చీమ కరచును, కుట్టును, పులుపైన విషమును చిమ్మును, ఒకదానిని ముట్టినచో నూరు వచ్చును. చలిచీమల గుంపు పాము నేమిచేయునో సుమతీశతకకారుడు చెప్పినది మీకు చిన్ననాటినుండి కంఠస్థమే. అందుచేత వేటకాండ్రలో పెక్కుమంది చీమను చూచి తొలగిపోదురు. ఇట్లు నిరపాయజంతువు అపాయకరమైన జంతువు రూపున బ్రతుకుటను 1848 మొదలు 1859 వరకు అమెజాను అడవులలో తిరిగిన హెన్రీ వాల్టరు బేట్సు సీతాకోకచిలుకలయందు గుర్తించి 1862లో లోకమునకు తెలియజేసెను.

కందిరీగ పేరు వచ్చినది గనుక ఒక్క మాట. భ్రమరకీటన్యాయము మనవారు తరచుగా ఉదాహరింతురు. మట్టిగూటిలో మూయబడిన కీటము భ్రమరమునే ధ్యానించి ధ్యానించి తుదకు భ్రమరమే యగునట! గోడకు కట్టిన ఆ మట్టిగూటిని పగులగొట్టి చూడుడు. అందులో పెక్కుమారులు కనబడునవి సాలెపురుగులే. అవి ధ్యానించుట లేదు. కందిరీగ వాటిని కుట్టి కదలకుండ చేసి, ప్రాణముతోనే తన పిల్లకు మేతగా పెట్టి, ద్వారము మూసిపోయినది. వెలువడు భ్రమరము ఆ కీటము కాదు, కీటమును తిన్నది. బలవంతునిచే మ్రింగబడుటను సాయుజ్యమని పొగడుట మనకు అలవాటైన దోషము. దానిని సాలెపురుగుల విషయమున మాత్రమే చేసితిమనుకొనకుడు.

ఇక నా వృత్తికి తగినట్లు విచారణ జరుపుదము. మోసమనగా ఏమి? 2024 జూన్ నెలాఖరు వరకు అమలులోనుండిన భారత శిక్షాస్మృతి 415వ సెక్షనులోను, దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయసంహిత 318వ సెక్షనులోను మోసమునకు ఇచ్చిన నిర్వచనమున రెండు అంగములు ముఖ్యములు. ఎదుటివానిని భ్రమింపజేయుట యొకటి. ఆ భ్రమచేత దురుద్దేశముతో వాని సొత్తు కాజేయుటయో, వాని దేహమునకు, మనస్సునకు, కీర్తికి, ఆస్తికి హాని కలుగు పనిని వానిచేత చేయించుటయో రెండవది. మన సాలెపురుగు భ్రమింపజేసినది, ఒప్పుకొనుచున్నాను. పక్షికి అది కలిగించిన హాని యేమి? తనను తినకుండుట. తనను తిను హక్కు పక్షికి ఆస్తిగా నున్నదని వాదించిననే గాని నేరము నిలువదు.

అయితే అదే బోనులోనికి మరియొకదానిని పిలువవలెను. అమీసియా యను పీతసాలెపురుగు కలదు. మామిడితోటలలో ఆకులు కలిపి కుట్టి గూడుకట్టు ఎర్రచీమ రంగును రూపమును ఇది ధరించును. వెనుకభాగమున రెండు నల్లచుక్కలు కన్నులవలె ఉండును. ఇది ఆ చీమల మధ్యనే తిరుగుచు, ఒంటరిగా చిక్కిన చీమను పట్టి తినును. రెండును చీమవేషములే. ఒకటి తినబడకుండుటకు వేసినది, రెండవది తినుటకు వేసినది. జంతువులకు పాపపుణ్యములు లేవు. అమీసియాను నేను నిందింపను, దానికిని ఆకలి పెట్టినవాడు ఆ సర్వేశ్వరుడే. కాని మనుష్యులలో ఈ రెండు వేషములకును ఒకే శిక్ష విధించు న్యాయాధిపతి తన కొలువునకు తగడు. విభూతి పూసికొని వితంతువు పొలమును వ్రాయించుకొనువాడును, ప్రాణభయమున పేరు మార్చుకొనువాడును మనకు ఒకే వేషధారి యగునా?

వేషము ఊరక రాదు. దానికి వెల కలదు. చీమవలె నడుము సన్నము కావలెనన్న కడుపు చిన్నదగును. చిన్న కడుపున ఇమిడెడు గ్రుడ్లు కొన్నియే. చీమవేషము వేయు దుముకుడు సాలెపురుగులు తమ జ్ఞాతులవలె దూరము దుముకలేవనియు, వేటలో వెనుకబడుననియు 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తెలిపినది. తన జాతికి సహజమైన బలమును విడిచి, తనది కాని రూపమున బ్రతుకును కొనుక్కొన్నది. అంతటితో తీరదు. చీమలనే ఏరి తిను వేటకాండ్రును లోకమున కలరు. పిట్టను తప్పించిన వేషమే అట్టివారి ఎదుట చావునకు చీటీ యగును.

ఇచ్చట నాకు మిక్కిలి ఆశ్చర్యము గొల్పిన సంగతి యొకటి కలదు. చీమలను తిను ఒక సాలెపురుగు ఎదురైనప్పుడు మిర్మరాక్నీ ఏమి చేయునో జిమెనా నెల్సన్, రాబర్ట్ జాక్సన్ ప్రభృతులు పరీక్షించి 2006లో ప్రకటించిరి. అది అప్పుడు చీమ నాటకమును చాలించును. తన సాలెజాతికి సహజమైన రీతిని కాళ్లు చాచి నిలిచి, నేను చీమను కాను, నీవంటి సాలెపురుగునే యని చూపును. వేటకాడు పెక్కుమారులు వెనుదిరుగును. వేషము తెలిసిన ప్రాణికి నిజము చెప్పుటయు తెలియును. నిజము చెప్పుట క్షేమమైన చోట అది నిజమే చెప్పును.

గూటిలో సరేసరి. చీనాదేశపు టాక్సియస్ మాగ్నస్ అను చీమవేషపు సాలెపురుగు తన పిల్లలకు పాలవంటి ద్రవమును ఇచ్చి పెంచునని 2018లో ఆ దేశపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ పాలలో మాంసకృత్తులు ఆవుపాలలో కంటె దాదాపు నాలుగు రెట్లు. వెలుపల చీమగా తిరిగి వచ్చిన ఆ ప్రాణి గూటిలో తల్లి. పిల్లల ఎదుట దానికి ఏ వేషమును అక్కరలేదు. మన కాస్టియానీరా పాలిచ్చునని నేను చెప్పుట లేదు. అది తన గ్రుడ్లను బిళ్లవలె చదునైన సంచిలో పెట్టి, పైన కాగితమువంటి పొర కప్పి, రాతి అడుగున అంటించును. ఆ పొర లోహమువలె మెరయును. చీకటిలో ఎవరు చూతురని ఆ మెరుపు! వెలుతురులో దాగుటకు నేర్చిన ప్రాణి చీకటిలో అంత సొగసుగా పని చేయుచున్నది. గట్ల మీది ఆకుకు నిప్పుపెట్టు కాలము వచ్చినప్పుడు మీ పాలేరులతో ఒక్కమాట చెప్పుడు, రాళ్లకుప్పల దాపున నిప్పు వేయవలదని.

దేవుని ఎదుట ఎవరును వేషము వేయనక్కరలేదని మనము పాడుచుందుము, ప్రార్థించుచుందుము. ఏలయన ఆయన ఎదుట భయము లేదు. ఆయన మనలను తినువాడు కాడు, వెలివేయువాడు కాడు. ఇది నిజమైనచో దాని మరుపక్కము కూడ నిజము కావలెను. ఎక్కడ మనుష్యుడు మనుష్యుని ఎదుట వేషము వేయవలసివచ్చుచున్నదో అక్కడ ఎవడో ఒకడు భయపెట్టుచున్నాడు. వేషము వేసినవానిని పట్టుకొని ఉపదేశము చేయుటకు ముందు, ఆ భయపెట్టువాడు ఎవడో చూడవలదా?

హైదరాబాదున 1888లో జన్మించిన భాగ్యరెడ్డివర్మ ఈ ప్రశ్నకు తన బ్రతుకంతయు వెచ్చించెను. 1917లో బెజవాడయందు ఆయన అధ్యక్షతను కూడిన పంచమ మహాసభ, పంచములను పేరు మేము పెట్టుకొన్నది కాదని త్రోసివేసి, ఆది ఆంధ్రులమను పేరును స్వీకరించినది. ఇతరులు అంటగట్టిన పేరునకు బదులు తమ పేరును తామే చెప్పుకొనుట. సాలెపురుగు కాళ్లు చాచి నిలుచుటవంటిది అది. కాని అది సభగా చేయగలిగిన పని. పరాయి పట్టణమున ఇద్దరు బిడ్డలతో ఇల్లు వెదకుకొను ఒంటరివానికి సభ యెక్కడిది?

అట్టివాడొకడు నా కార్యాలయమునకు వచ్చెను. యువకుడు, బడిపంతులు. ఇల్లు అద్దెకు అడుగబోయిన చోటనెల్ల మీరేమిట్లు అను ప్రశ్న మొదట, అద్దె మాట తరువాత. పలుచోట్ల తిరిగి విసిగి, తుదకు ఒకచోట ఇంటిపేరు మార్చి చెప్పెను. ఇల్లు దొరకెను. పదునాలుగు నెలలు మొదటి తేదీననే అద్దె చెల్లించెను. ఆ పదునాలుగు నెలలును బంధువులను ఇంటికి రావలదనెను. తల్లిని సైతము చీకటిపడిన తరువాతనే తోడ్కొనివచ్చెను. వాడకట్టువారితో నవ్వుచు మాటలాడుచు, వారిని చూచియే వణకుచు బ్రతికెను. చీమలచెంత నుండియు చీమలను తప్పించుకొను ఆ పురుగు నాకు అప్పుడు గుర్తునకు వచ్చెను. సంగతి ఎట్లో బయటపడెను. ఇంటి యజమాని వకీలు నోటీసు పంపెను. కులము దాచి తనను మోసగించినాడట. అద్దె బాకీ లేదు, గోడకు మేకు కొట్టలేదు. ఏ హాని కలిగెనని అడుగగా, సెక్షనులో 'మనస్సునకు' అను మాట ఉన్నది గదా, తన మనస్సునకు హాని కలిగెనని వ్రాసెను.

నేను వ్రాసిన జవాబు చిన్నది. రాజ్యాంగము 17వ అధికరణము 1950లోనే అస్పృశ్యతను రద్దుచేసి, దాని ఆచరణను నిషేధించినది. రద్దయిన వస్తువునకు భంగము కలిగినదని పుట్టిన మనోవ్యథను హాని యనుటకు ఏ న్యాయస్థానమును ఒప్పుకొనరాదు. పైగా ఏ భయముచేత ఆ పేరు మార్పబడెనో ఆ భయమును కల్పించిన ప్రశ్న మీదియే. ఆ పిమ్మట ఆ వకీలు నుండి ఉత్తరము రాలేదు. పంతులు మాత్రము ఇల్లు ఖాళీ చేసెను. ఉండుమంటిని. నాకు జయము కలిగినది గాని నా తల్లి ఆ మెట్లు పగలు ఎక్కలేదు గదా యనెను.

మరల వెదకునపుడు అతడు నన్ను కోరినది ఒక్కటే. అద్దె కరారునామా ముందుగానే సిద్ధము చేసి యిమ్మనియు, అందులో తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, పుట్టిన ఊరు, కులము అన్నియు మొదటి పంక్తిలోనే ఉండవలెననియు కోరెను. కులమును చట్టము అడుగదని చెప్పితిని. చట్టము అడుగదు, వారడుగుదురు, అడుగకముందే చదువుకొననిండు అనెను. అట్లే వ్రాసితిని. ఆ కాగితమును చదివి ఇద్దరు యజమానులు, ఇల్లు మా అల్లునికి కావలసి యున్నదనిరి. మూడవ యింట ఒక వృద్ధురాలు కళ్లద్దములు తెప్పించుకొని తుదివరకు చదివి, ఇందులో నీళ్ల సంగతి వ్రాయలేదు, బోరు ప్రొద్దున ఒక గంటయే వచ్చును, అది కూడ వ్రాసికొని రమ్మని పంపెను. ఆ పంక్తి చేర్చి ఇచ్చితిని. సాయంకాలమునకు సంతకమై వచ్చెను.